పృచ్ఛకుడు లేని అవధానం

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ ఉంటే తమ్ముడు రాసిపెట్టారని ప్రతీతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన నవలల పోటీలో అది అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. అచ్చులో వెయ్యి పేజీలకి అటూ ఇటూగా ఉంటుంది. నెల తిరక్కుండా చెప్పేసిన ఆ పుస్తకాన్ని నెల తిరక్కుండా చదివేసినవాళ్ళు అరుదు. ముప్ఫై ఏళ్ళుగా చదువుతూనే ఉన్నవాళ్ళు మాత్రం చాలామంది ఉంటారు. ‘చదివారా?’ అంటే ‘అయ్యో, చదవకపోవడమేమిటండీ, సగంలో ఉంది’ అంటారు. ఆ సగం పేజీల లెక్క కాదు, మర్యాదకి చెప్పే మాట. ప్రతి భాషకీ ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళకి 1922లో వచ్చిన జాయిస్ ‘యులిసిస్’ ఉంది, ఫ్రెంచివాళ్ళకి ప్రూస్టు ఏడు భాగాల నవల ఉంది. ఇక రాజకీయాలు మాట్లాడేవాళ్ళకి భాషాభేదం లేకుండా మార్క్స్ ‘కాపిటల్’ ఉండనే ఉంది. బ్రిటన్‌కి రెండుసార్లు లేబర్ పార్టీ తరఫున ప్రధాని అయిన హెరాల్డ్ విల్సన్ తాను ఆ పుస్తకంలో రెండో పేజీ దాటలేదని, అక్కడి అధోజ్ఞాపిక దగ్గరే ఆగిపోయానని ఒప్పుకున్నాడు. అంత పదవిలో ఉన్నవాడు కాబట్టి ఒప్పుకోగలిగాడు. కాలేజీలో చర్చకి దిగిన కుర్రాడికి ఆ సౌకర్యం లేదు.

పదిమంది మెప్పు కోసం గట్టి పుస్తకాలు చేతపట్టడాన్ని వెక్కిరించడం ఈనాటి సరదా కాదు. రోమన్ తత్వవేత్త సెనెకా మొదటి శతాబ్దంలోనే ఈ పని చేశాడు. భోజనాల గది గోడలకి అలంకారంగా గ్రంథాలు పేర్పించి, వాటి పేర్లు తప్ప మరేమీ ఎరగని శ్రీమంతుల్ని దులిపేశాడు. స్నానశాలలాగే గ్రంథాలయం కూడా గొప్పింటి హంగుల్లో చేరిపోయిందని ఆయన బాధ. మరో వందేళ్ళకి లూషియన్ చదువురాని పుస్తకసేకర్త మీద ఏకంగా ఒక వ్యంగ్య రచనే చేశాడు. అచ్చుయంత్రం వచ్చి ఇంకా యాభై ఏళ్ళైనా నిండని 1494లో, బేసెల్ నగరంలో సెబాస్టియన్ బ్రాంట్ ‘మూర్ఖుల ఓడ’ అచ్చువేయించి, ఓడ నిండా రకరకాల మూర్ఖుల్ని ఎక్కించాడు. అందులో అగ్రతాంబూలం అందుకున్నవాడు పుస్తకాలు పోగేసి దుమ్ము దులుపుతూ కూర్చునే మూర్ఖుడే. వీళ్ళ వెక్కిరింతల్లో నాకు వినపడేది ఒకటే ఫిర్యాదు. పుస్తకం చదవడానికి పనికొచ్చే వస్తువు, వీళ్ళు దాన్ని చూపించడానికి వాడుకుంటున్నారు అని. ఆ ఫిర్యాదు న్యాయమే. కానీ అందులోంచి అందరూ లాగే తీర్పు, అంటే ‘ఎవరి మెప్పు కోసమూ చదవకు, నీ ఆనందం కోసమే చదువు’ అనే హితవు, నాకు మింగుడు పడదు. ఎందుకో చెప్పేముందు సాక్ష్యం పూర్తిగా చూడాలి, అది ఫిర్యాదు చేసేవాళ్ళ పక్షానే ఉన్నా సరే.

ఫిట్జెరాల్డ్ 1925లో రాసిన ‘ద గ్రేట్ గాట్స్‌బీ’లో ఒక విందు ఘట్టం ఉంది. కొత్త డబ్బున్న గాట్స్‌బీ భవంతిలో గ్రంథాలయంలోకి తాగిన అతిథి ఒకడు చేరతాడు. బీరువాల్లో ఉన్నవి ఉత్త అట్టలేమో అనుకుంటాడు. ఒకటి తీసి చూస్తే నిజం పుస్తకమే! కాకపోతే కాగితాల అంచులు కోయలేదు. ఆ రోజుల్లో చాలా పుస్తకాలు మడతపెట్టిన కాగితాల అంచులు కలిసి ఉండగానే అమ్మకానికి వచ్చేవి. చదవదలుచుకున్నవాడు కాగితాల కత్తితో ఒక్కొక్క మడతా కోసుకుంటూ పోవాలి. అంచు కోయలేదంటే చదవలేదనే అర్థం, దానికి వేరే సాక్షి అక్కర్లేదు. ఆ అతిథి మెచ్చుకున్నది గాట్స్‌బీ పాండిత్యాన్ని కాదు, అతని పనితనాన్ని. నిజం పుస్తకాలు పెట్టేంత శ్రద్ధ చూపి, అంచులు కోయనంత నిగ్రహం పాటించాడే అని! తర్వాత యంత్రాలు అంచులు కోసి పంపడం మొదలుపెట్టాయి, చదవనివాడికి ఆ బెడద తీరింది. అయినా పట్టుకునేవాళ్ళు పట్టుకున్నారు. 1985లో ‘న్యూ రిపబ్లిక్’ పత్రిక సంపాదకుడు మైకేల్ కిన్స్‌లీ వాషింగ్టన్ నగరంలోని దుకాణాల్లో, అప్పట్లో అందరి నోళ్ళలో నానుతున్న రాజకీయ గ్రంథాల ప్రతులు డెబ్భై దాకా ఎంచి, ఒక్కొక్కదాంట్లో ముప్పాతిక భాగం దాటాక చీటీ ఒకటి పెట్టించాడు. ఇది కనపడ్డవారు ఈ నంబరుకి ఫోన్ చేస్తే అయిదు డాలర్లిస్తాం అని చీటీ సారాంశం. నెలలు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. కొనలేదనడానికి లేదు. చర్చించలేదనడానికి అసలే లేదు. ఆ ఊళ్ళో విందుల్లో ఆ పుస్తకాలే కబుర్లు.

2014లో జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణిత ఆచార్యుడు ఇంకో చమత్కారం చేశాడు. కిండిల్‌లో చదివేవాళ్ళు నచ్చిన వాక్యాలకి రంగు పూస్తారు గదా, ఎక్కువమంది పూసిన అయిదు వాక్యాలు పుస్తకంలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి సగటు తీశాడు. జనం చివరిదాకా చదివితే ఆ వాక్యాలు పుస్తకమంతా పరుచుకుని ఉండాలి, మొదట్లోనే ఆగిపోతే మొదటి పేజీల్లోనే గుమిగూడాలి. ఈ లెక్కకి హాకింగ్ పేరు పెట్టాడు. 1988లో వచ్చిన ‘కాలం కథ’ కోటి ప్రతులకి పైగా అమ్ముడుపోయి కూడా, కొన్నవాళ్ళెవరూ చదవని పుస్తకంగా పేరు పడింది మరి. తీరా చూస్తే హాకింగ్‌కి 6.6 శాతం వచ్చింది. ఆ ఏడాది ప్రపంచమంతా మాట్లాడుకున్న థామస్ పికెటీ ఆర్థిక గ్రంథానికి 2.4 శాతమే వచ్చింది. దాదాపు ఏడువందల పేజీల పుస్తకంలో ఆ అయిదు వాక్యాలూ 26వ పేజీ లోపలే ఉన్నాయి. డోనా టార్ట్ రాసిన ‘ద గోల్డ్‌ఫించ్’ నవల 98.5 శాతం తెచ్చుకుంది. ఇది వినోదానికి వేసిన లెక్కే తప్ప శాస్త్రం కాదని ఆయనే చెప్పాడు, మనం కూడా దాన్ని అంతవరకే తీసుకోవాలి. రంగు పూయకుండా చదివేవాళ్ళుంటారు, ముందుమాటలో సారాంశమంతా పెట్టేసిన రచయితలూ ఉంటారు. అయినా ఆ 26వ పేజీ చూసి నవ్వనివాడు ఉండడు. ఎవరి 26వ పేజీ వాడికి గుర్తొస్తుంది.

సరే, చదవకుండానే చదివినట్టు కనిపించేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు, కొలిస్తే దొరుకుతున్నారు కూడా. దీన్నిబట్టి మెప్పు కోసం చదవడమే దోషం అని తేల్చేస్తే మాత్రం, మన సాహిత్య చరిత్రలో సగం దోషమే అవుతుంది. అష్టావధానాన్ని తీసుకోండి. అందులో పురాణ పఠనం అని ఒక అంశం ఉంటుంది. ప్రశ్న వేసే పృచ్ఛకుడు భారతంలోంచో భాగవతంలోంచో ఏదో ప్రబంధంలోంచో ఒక పద్యం చదువుతాడు. అది ఏ గ్రంథంలోది, ఏ ఘట్టంలోది, ఎవరు ఎవరితో అన్నది, దాని విశేషమేమిటి అన్నది అవధాని అక్కడికక్కడే చెప్పాలి. అదే సమయంలో ఒక పక్క సమస్య, ఇంకో పక్క దత్తపది నడుస్తూ ఉంటాయి. మూడో పక్క నిషిద్ధాక్షరి వేసే ఆయన అవధాని నోట్లో అక్షరం పుట్టకముందే దాన్ని నిషేధించడానికి కాచుక్కూచుంటాడు. అప్రస్తుత ప్రసంగీకుడు పెళ్ళి భోజనాల కబుర్లు తెస్తాడు. వెనక గంట మోగుతుంటే లెక్క తప్పకూడదు. ఇదంతా జనం ముందు. అవధాని నిండుగా కోరుకునేది చప్పట్లనే. అందులో దాపరికమూ లేదు. తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచినదే సవాలుగా. తమని ఓడించినవాళ్ళు ఉంటే తీసేస్తామన్న ధోరణిలో ఊరూరా సంస్థానాలు తిరిగి శతావధానాలు చేశారు. మెప్పు మీద వాళ్ళకున్నంత ఆపేక్ష ఎవరికీ లేదు. వాళ్ళంతగా చదువుకున్నవాళ్ళూ తక్కువే. ఈ రెండు వాక్యాల మధ్య ‘అయినా’ పెట్టాలని చాలామందికి తోస్తుంది. నేను ‘అందుకే’ అంటాను.

మన పాండిత్యం ఏకాంతంలో పెరిగింది కాదు, సభలో పెరిగింది. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడ డిండిమభట్టుతో వాదానికి దిగినప్పుడు ఆత్మానందం కోసం దిగలేదు. గెలిచి ఎదుటివాడి కంచుఢక్క పగలగొట్టించాడు, కనకాభిషేకం చేయించుకున్నాడు. పింగళి సూరన ప్రతి పద్యంలోనూ రామాయణం, భారతం రెండూ ఒకేసారి పలికేలా ‘రాఘవపాండవీయం’ రాశాడంటే, ఇది చేయగల మొనగాడెవడు అన్న కుతూహలం సభలో ముందే ఉండబట్టి రాశాడు. విన్నవాళ్ళకి ఆ రెండు అర్థాలూ విడదీయడం చేతనయ్యేది కాబట్టి ఆ శ్రమకి ఫలం దక్కింది. ఇక్కడే అసలు కీలకం ఉంది. చప్పట్ల కోసం చేసే పని ఎంత నిజమైనదో తేలేది చేసేవాడి మనసులోని ఉద్దేశాన్ని బట్టి కాదు. చప్పట్లు కొట్టేవాడు ఏం అడిగి కొడుతున్నాడు అన్నదాన్ని బట్టి. పృచ్ఛకుడు గట్టివాడైతే మెప్పు కావలసినవాడికి చదవక గత్యంతరం ఉండదు. మెప్పు కోసం చదవడం అసలైన చదువులోకే దారితీస్తుంది. పృచ్ఛకుడే లేకపోతే అదే మనిషి, అదే కోరికతో, అట్ట కనపడేలా పుస్తకం పట్టుకోవడం దగ్గర ఆగిపోతాడు. అక్కడికే మెప్పు వచ్చేస్తోంటే ఇంకా ముందుకి ఎందుకు వెళ్తాడు?

పృచ్ఛకుడు లేని చోటు ఎలా ఉంటుందో గురజాడ అందరికంటే బాగా చూపించాడు. ‘కన్యాశుల్కం’లో గిరీశం కృష్ణరాయపురం అగ్రహారానికి వచ్చాక, కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం ఆమె ముందు మొదలుపెడతారు. మాట్లాడేదేమిటయ్యా అంటే బడి పుస్తకాల్లోంచి నోటికొచ్చిన పద్యాల ముక్కలూ, వాక్యాల ముక్కలూ. ఒకదానికి మరొకటి జవాబు కాదు. ఆ తల్లి పొంగిపోతుంది. మనం ఆ ఘట్టానికి నవ్వినప్పుడు గిరీశాన్ని చూసి నవ్వుతున్నామనుకుంటాం. నిజానికి ఆ హాస్యమంతా ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన మూడోవాడు లేకపోవడంలో ఉంది. ఒక్కడుండి, ఆ పద్యానికి అర్థం చెప్పమని వెంకటేశాన్ని అడిగి ఉంటే, పరీక్ష తప్పిన ఆ కుర్రాడి చదువు ఆ పూటే బాగుపడేదేమో. గిరీశం తెలివితక్కువవాడు కాదు. అడిగేవాడుంటే అతను చదివి ఉండేవాడనే నా అనుమానం. అతని తెలివికి దొరికిన శ్రోతలు తక్కువైపోయారు.

అడిగేవాడు ఎదురైతే ఏమవుతుందో చూడాలంటే పారిస్ వెళ్ళాలి. లూయీ అల్తుస్సర్ ఇరవయ్యో శతాబ్దపు మార్క్సిస్టు తత్వవేత్తల్లో పేరుమోసినవాడు. ఆయన పేరు నిలిపిన గ్రంథాల్లో ఒకదాని పేరే ‘కాపిటల్‌ను చదవడం’. ఆయన చనిపోయాక 1992లో వెలువడిన ఆత్మకథలో చేసిన ఒప్పుకోలు చదివి శిష్యులు తెల్లబోయారు. అరిస్టాటిల్ గురించి తనకేమీ తెలియదట, కాంట్ గురించీ తెలియదట, హెగెల్ కొంచెం. మార్క్స్‌లోనూ కొన్ని భాగాలే శ్రద్ధగా చదివానన్నాడు. తానో మోసగాణ్ణనీ, ఎప్పుడో బయటపడతాననీ భయపడుతూ బతికాడట. ఆ మాటల్లో స్వనింద పాలు ఎక్కువే ఉండవచ్చు, ఆయన మనోవ్యాధితో బాధపడినవాడు. కానీ నాకు ఆసక్తి కలిగించేది వేరే ముక్క. ‘కాపిటల్’ను ఆయన పట్టుబట్టి చదివింది 1964–65లో, తన కాలేజీ విద్యార్థులతో కలిసి ఆ పుస్తకం మీద గోష్ఠి నడపవలసి వచ్చినప్పుడు. ఆ విద్యార్థులు సామాన్యులు కారు, ఫ్రాన్స్ మొత్తంలో ఏరికోరి తెచ్చినవాళ్ళు, వాక్యం వాక్యం పట్టుకుని అడిగేవాళ్ళు. పేరు కోసం మొదలైన వ్యవహారం, బయటపడిపోతానన్న భయం, ఎదురుగా కూర్చున్న పృచ్ఛకులు, ఈ మూడూ కలిసి ఒక మనిషి చేత నిజంగా ఒక దుర్గమమైన పుస్తకం చదివించాయి. ఆయన చెప్పినది ఒప్పుకోని మార్క్సిస్టులు బోలెడుమంది. చదవలేదని మాత్రం ఎవరూ అనలేరు.

దీనికి రాగల అభ్యంతరాల్లో మొదటిది అందరికీ తెలిసినదే. మెప్పు కోసం చదివేవాడు సరిగ్గా చదవడు, ఉటంకించడానికి పనికొచ్చేవి ఏరుకుని మిగతాది వదిలేస్తాడు, పుస్తకంతో ఒంటరిగా ఉండడం అతనికి చేతకాదు అని. ఇందులో కొంత నిజముంది. కానీ ఇది ఇష్టం ముందు, అలవాటు తర్వాత అన్న భ్రమ మీద నిలబడ్డ వాదన. డికాక్షన్ కాఫీ మొదటి గుక్కలోనే నచ్చినవాళ్ళెవరు? చేదు. పెద్దవాళ్ళు తాగుతున్నారని, తాగితే మనమూ పెద్దవాళ్ళలో లెక్క అవుతామని రెండో గుక్క, మూడో గుక్క పడతాయి. కొన్నేళ్ళకి ఎవరూ చూడని తెల్లవారుజామున, వంటింట్లో ఒక్కడే నిలబడి తాగుతున్నప్పుడు అతను ఎవరి మెప్పు కోసమూ తాగడం లేదు. మన ఆలంకారికులు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని కవిత్వాన్ని పళ్ళతో పోల్చి ఊరుకోలేదు. ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు, అరటిపండు తొక్క తీయాలి, కొబ్బరికాయ పీచు ఒలిచి, పెంకు కొట్టి, అప్పుడు తినాలి. లోపల కొబ్బరి ఉందన్న సంగతి ముందు తెలియనివాడు ఆ పెంకు ఎందుకు కొడతాడు? ఎవరో తింటుంటే చూసి ఉండాలి, లేదా తినలేదంటే నామోషీ అనిపించి ఉండాలి. మొదటి దెబ్బ ఏ కారణంతో పడినా పెంకు పగలడానికి అడ్డం లేదు. అచ్చమైన ఆనందం కోసమే చదవమని చెప్పేవాళ్ళు, తమకి ఆ ఆనందం ఇప్పటికే అందుబాటులో ఉన్న మెట్టు మీద నిలబడి చెబుతున్నారు. కింద మెట్టు మీదున్నవాడికి అది ఆచరణలో ‘నీకు తేలిగ్గా నచ్చినవే చదువుకుంటూ ఉండు’ అన్నట్టే అవుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. కష్టమైన పుస్తకాల్లో కొన్ని రచయితలే మనల్ని బెదరగొట్టడానికి రాసినవి, వాటిని చదివి బెదరగొట్టాలనుకునేవాడికీ, రాసినవాడికీ తేడా లేదు అంటారు. రామరాజభూషణుడి ‘వసుచరిత్ర’ వచ్చాక ఆ శ్లేషల మోజులో పడి ఎందరు అనుకరించారంటే, ఆ కావ్యాలన్నిటికీ కలిపి ‘పిల్ల వసుచరిత్రలు’ అని పేరు పెట్టేశారు. తల్లి మిగిలింది, ఆ పిల్లల్ని సాహిత్య విద్యార్థులు తప్ప ఎవరూ పలకరించరు. పిల్లల్ని ఏరేసినవాళ్ళు తర్వాతి తరాల పాఠకులే, అంటే అర్థం చెప్పుకుని, అన్వయం కుదరక, ఇందులో పెంకు తప్ప కొబ్బరి లేదని పుస్తకం మూసేసినవాళ్ళు. అంతెందుకు, 1996లో అలన్ సోకల్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు గురుత్వాకర్షణ గురించీ, క్వాంటం సిద్ధాంతం గురించీ అర్థం పర్థం లేని వ్యాసం ఒకటి, నోరు తిరగని పరిభాషతో నింపి ‘సోషల్ టెక్స్ట్’ అనే అమెరికన్ పత్రికకి పంపితే వాళ్ళు శుభ్రంగా వేసేశారు. వెంటనే ఇంకో పత్రికలో తానే ఆ గుట్టు విప్పాడు. దాన్నిబట్టి గహనమైన రచనలన్నీ బూటకమని చాలామంది సంబరపడ్డారు. నాకైతే అక్కడ కనపడేది, శాస్త్రం తెలిసినవాడికి చూపించి అడిగించే పద్ధతి ఆ పత్రికకి అప్పట్లో లేకపోవడం. మళ్ళీ అదే సంగతి, కృష్ణరాయపురంలో మూడోవాడు లేడు. దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. వాడుకభాష కోసం పాటుపడిన పత్రికా సంపాదకుడు తాపీ ధర్మారావు, పద్యపద్యానా చమత్కారం దాచుకున్న చేమకూర వెంకటకవి ‘విజయవిలాసా’నికి ‘హృదయోల్లాస వ్యాఖ్య’ రాశారు. 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సులభమైన భాషని ప్రేమించినవాడే కష్టమైన కావ్యం తలుపు తీశాడు. చదువరి తరఫున కవిని అడిగి, లోపల ఏముందో బయటపెట్టే వ్యాఖ్యాత కూడా పృచ్ఛకుడే.

మూడో అభ్యంతరాన్ని ఇంత తేలిగ్గా దాటలేం. 1899లో ఆర్థికవేత్త వెబ్లెన్, 1979లో సమాజశాస్త్రజ్ఞుడు పియరీ బూర్‌డ్యూ వేరువేరు దారుల్లో చెప్పిన మాట అది. అభిరుచి పేరుతో జరిగేది వర్గాల మధ్య గీతలు గీయడమేనని వాళ్ళ వాదన. బూర్‌డ్యూ ఫ్రాన్సులో 1,217 మందిని అడిగి, ఎవరికి ఏ సంగీతం, ఏ బొమ్మ నచ్చుతుందో వాళ్ళ చదువూ వృత్తీ చూస్తే ముందే చెప్పవచ్చని చూపించాడు. మన దగ్గర దీనికి ఆచార్యుడి లెక్కలు అక్కర్లేదు. గ్రాంథికం రానివాడు రాయడానికే పనికిరాడన్న రోజుల మీద గిడుగు రామమూర్తి ఎంత పోరాడవలసి వచ్చిందో తెలుసు. పుట్టుకని బట్టి కొందరికి గ్రంథాన్ని ముట్టనివ్వని కాలం అంతకంటే ఎక్కువ తెలుసు. ఈ మాటల్లో ఒక్కటీ కాదనను. కాని ఇదే చరిత్ర గుర్రం జాషువా వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చూడాలి. గౌరవం దక్కని కులంలో పుట్టి ఆయన సులభమైన దారి ఏదీ ఎంచుకోలేదు. ఛందస్సు, ప్రబంధాలు, సంస్కృత కావ్యాలు పట్టుదలగా చదివి, కాళిదాసు మేఘసందేశం పద్ధతినే తీసుకుని, హంసలూ మేఘాలూ మోయని మొర గబ్బిలం చేత మోయించాడు. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అడుగడుగునా సభల్లో ఎవరు నువ్వు, ఏ కులం అని అడిగినవాళ్ళున్నారు. మీసాల మీద సవాలు విసిరిన ఆ తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తనే వంగి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. జాషువా పద్యం మీద సాధించిన పట్టులో మెప్పించాలన్న కోరిక లేదని ఎవరైనా అనగలరా? పెద్దింటి గ్రంథాలయంలో పుట్టినవాడు మెప్పు కోసం చదివితే అది డాబు. నీకు చేతకాదని ముందే తేల్చేసిన సభని మెప్పించడానికి చదివేవాడి విషయంలో ఆ మాట వాడటానికి నోరు రాదు. ‘మెప్పు కోసం చదవకు’ అన్న హితవు ఎవరికి ఎక్కువ నష్టం చేస్తుందో బూర్‌డ్యూ అభిమానులు ఒకసారి ఆలోచించాలి.

అడిగేవాళ్ళు తగ్గిపోవడానికి కారణం బద్ధకమొక్కటే కాదు. మనమంతా ఒక ఒడంబడిక చేసుకున్నాం. నేను ‘ఆముక్తమాల్యద’ అంటే మీరు తలూపుతారు, మీరు ‘యులిసిస్’ అంటే నేను తలూపుతాను. ఎవరు అడిగినా ఇద్దరం బయటపడతాం కాబట్టి ఎవరం అడగం. ఇంత పరస్పర మర్యాద ఉన్నచోట చదవవలసిన అవసరమేముంది? 2007లో పియర్ బయార్ అనే ఫ్రెంచి సాహిత్యాచార్యుడు, చదవని పుస్తకాల గురించి మాట్లాడటమెలాగో చెబుతూ ఒక గ్రంథం రాశాడు. ‘యులిసిస్’ తాను చదవలేదనీ, ఐనా పాఠాల్లో ప్రస్తావిస్తూనే ఉంటాననీ అందులో ఒప్పుకున్నాడు. చదవడానికీ చదవకపోవడానికీ మధ్య విన్నవి, తిరగేసినవి, మరిచిపోయినవి అని ఎన్నో మెట్లున్నాయన్న ఆయన మాట తెలివైనదే. అది ఒడంబడికకి రాసిన భాష్యంలా ఉంటుందని మాత్రం అనిపిస్తుంది. 2020లో అందరూ ఇళ్ళల్లోంచి కెమెరాల ముందు కూర్చున్నప్పుడు వెనక బీరువా ఎంత పని చేసిందో చూశాం. పుస్తకాలని అడుగుల లెక్కన, గోడ రంగుకి నప్పేలా అమ్మే వ్యాపారం అమెరికాలో ఉంది. సెనెకా ఉంటే ఎంత ఆనందించేవాడో! కాఫీ కప్పు పక్కన పుస్తకం పెట్టి తీసిన ఫోటోకి వచ్చే మెచ్చుకోలుకి పృచ్ఛకుడు లేడు, ఉండే వీలు కూడా లేదు. కింద ఎవరైనా ‘ఇందులో మీకు ఏ అధ్యాయం నచ్చలేదు?’ అని రాస్తే అది తగాదాకి రావడంగా కనిపిస్తుంది. ఇప్పుడు అడిగిన క్షణంలో ఏ పుస్తకానికైనా సారాంశం తీసిపెట్టే యంత్రాలూ వచ్చాయి. వెంకటేశానికి ఇంక బడి పుస్తకాల ముక్కలు కూడా బట్టీ పట్టక్కర్లేదు.

కాబట్టి మందలించవలసినది పుస్తకం చేతపట్టుకుని తిరిగే కుర్రాణ్ణి అనుకోను. అతనిలో ఇంకా సిగ్గు ఉంది, గొప్పవాడనిపించుకోవాలన్న ఆశ ఉంది, ఆ గొప్పతనం ఒక గట్టి పుస్తకంలో ఉందన్న నమ్మకమూ ఉంది. కారులోనో వాచీలోనో ఉందనుకునేవాడితో పోలిస్తే ఎంత మేలు. అతనికి దొరకనిది ఒక మంచి ప్రశ్న. అవధానంలో పృచ్ఛకుడు అవధానిని పడగొట్టడానికి కూర్చోడు, రక్తి కట్టించడానికి కూర్చుంటాడు. కాబట్టి పరీక్షాధికారి ప్రశ్న కాకూడదు. ‘చదివారా?’ అన్నది చెడ్డ ప్రశ్న. అవును, కాదు అన్న రెండే జవాబులున్నాయి, మొదటిది చవక. ‘ఎక్కడ ఆగారు?’ అని అడిగి చూడండి. అందులో పూర్తి చేయకపోవడం సహజమే అన్న అభయం ఉంది. వేయిపడగలు గురించి అడిగామనుకుందాం. కథానాయకుడు ధర్మారావు ఆలోచనలు పేజీలకి పేజీలు సాగిపోతుంటే విసుగొచ్చి ఆపేశానని ఒకరంటారు. గిరిక కథ దగ్గర కదలబుద్ధి కాలేదని ఒకరంటారు. పసిరిక మనిషా, పామా తేలక అక్కడే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టానని ఇంకొకరంటారు. ఆ నవలని ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చిన పి.వి. నరసింహారావు ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఉంటారు, అనువాదకుడికి తప్పదు. అసలు మొదలుపెట్టనాయన మాత్రం కాసేపు పైకప్పు చూసి, సగంలో ఉంది అంటాడు. ఏ సగంలో అని అడగాలి, నవ్వుతూనే. ఆ రాత్రి ఇంటికెళ్ళి బీరువా తీసి, కనీసం పసిరిక ఎవరో చూసుకుంటాడు.